కాసులమ్మ నిలబెట్టిన ఐసు కంపెనీ

యారాడలో పుట్టిన కాసులమ్మ సముద్రానికి ఏనాడూ భయపడలేదు. ఆమె భయమంతా ఎండ మీదే. తెల్లవారుతూనే తండ్రి తెప్ప మీద తెచ్చిన చేపను తల్లీకూతుళ్ళు గంపలకెత్తుకొని, కొండ ఎక్కి దిగి పట్నం చేరేసరికి తొమ్మిదయ్యేది. ఆ తరువాత గడియ గడియకూ చేప ధర పడిపోయేది. కొనేవాళ్ళకు ఆ సంగతి క్షుణ్ణంగా తెలుసు. తలుపు తీసి ధర అడిగి, "కాసేపాగి రా" అని తలుపు వేసుకునేవారు. మిట్టమధ్యాహ్నం అదే గంప అదే గుమ్మంలోకి వచ్చేది. అప్పుడు వాళ్ళు చెప్పిందే ధర. మిగిలినదానికి ఉప్పు రాసి ఎండబెట్టుకోవలసిందే. చేపలమ్మేవాళ్ళు గయ్యాళులని పట్నంలో పేరు. సూర్యుణ్ణి తమ పక్షాన నిలబెట్టుకొని బేరమాడిన పెద్దమనుషులకు మాత్రం ఏ పేరూ రాలేదు.

డెబ్బయ్యో దశకం చివరికి కాసులమ్మ పెళ్ళయి పట్నపు ఒడ్డుకు వచ్చింది. చేపల రేవుకు మరబోట్లు వచ్చాయి. రేవు వెనక నీలకంఠం అనే వ్యాపారి ఒక చిన్న ఐసు కంపెనీ పెట్టాడు. గంప అడుగున చిదిపిన ఐసు, మీద చేప, ఆ పైన మళ్ళీ ఐసు, దాని మీద తడి గోనె. అలా సర్దుకొని బస్సెక్కితే చేప గోపాలపట్నం సంతకు చేరినా కన్ను మెరుస్తూనే ఉండేది. అక్కడినుంచి ఉక్కు కర్మాగారం కడుతున్న కూలీల గుడిసెల దాకా తిరిగినా ఆమెకు తొందర లేదు. ద్వారకా నగర్ అమ్మగార్లకు ఖరీదైన వంజరం, కూలీల ఆడవాళ్ళకు చవక చేపలు కవళ్ళు, కానాగంతలు. ఎవరైనా ధర మరీ విరగ్గొడితే గంప తలకెత్తుకొని నడిచిపోయేది. ఐసు వచ్చాక బేరం కాదనే హక్కు ఆమెకు వచ్చింది. చట్టం ఇవ్వని ఆ హక్కును ఇరవై ఐదు కిలోల గడ్డ ఒకటి ఇచ్చింది.

ఆ గడ్డ తయారయ్యే పద్ధతి సులభమైనదే. నేలలో దించిన పెద్ద ఉప్పునీటి తొట్టి, అందులో వరసగా దించిన నూట ఇరవై రేకు డబ్బాలు, డబ్బాల్లో మంచినీరు, పైన చెక్క మూతలు. యంత్రం ఉప్పునీటిని చల్లబరుస్తుంది, ఉప్పునీరు డబ్బాలో నీటిని గడ్డ కట్టిస్తుంది. యంత్రానికి కరెంటు కావాలి. డబ్బాలకు నీరు కావాలి. యంత్రం వెనక వేడెక్కే గొట్టాలను చల్లార్చడానికి అంతకు ఎన్నో రెట్లు నీరు కావాలి. ఇవన్నీ చూసుకునేవాడు తవిటయ్య. బొబ్బిలి దగ్గర పల్లెలో రెండెకరాల మడి ఎండిపోతే వచ్చి ఇక్కడ చేరిన రైతు. ఐసు కోసం వచ్చే చేపల ఆడవాళ్ళు నలభై మందికీ వరస కుదిరినా కుదరకపోయినా అతడు బావే.

డబ్బాల్లో ఆడవాళ్ళ వాటా ఇరవై, ఇద్దరికొకటి; మిగతావి బోట్లకు. కాసులమ్మకూ, ఆమె పక్కింటి పైడితల్లికీ కలిపి ఒకటి. ఎవరి డబ్బాకు వారు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టుకున్నారు. బోటు ఒడ్డుకు వస్తుంటే ఇంటి ఆడది ఎదురెళ్ళి చూడాలన్నది ఈ ఒడ్డు ఆచారం. చూడకపోతే వచ్చే లక్ష్మి అలుగుతుందట. ఆ ఆచారమే మెల్లగా ఐసు మీదికి కూడా పాకింది. రేవులో పని మధ్యలో వచ్చి, మూతెత్తి, తమ డబ్బాలో నీరు ఎంతవరకు గడ్డకట్టిందో కళ్ళారా చూసి, తొట్టిలోంచి వచ్చే చల్లగాలికి కాసేపు మొహం పెట్టి వెళ్ళేవారు. చూడని డబ్బా గడ్డకట్టదని వాళ్ళ గట్టి నమ్మకం. పదేళ్ళపాటు దానివల్ల నష్టమేమీ తేలలేదు. కరెంటు పగలంతా ఉండేది, నీరు కుళాయి తిప్పితే వచ్చేది.

1987 వేసవికి ఆ రెండూ పోయాయి. వరసగా వానలు తప్పి జలాశయాలు అడుగంటాయి. రేవుకూ, పట్నంలో సగం వీధులకూ నీళ్ళు రోజుకు ఒక గంట, ఉదయం ఆరు నుంచి ఏడు దాకా. కరెంటు కోత ఉదయం ఆరు నుంచి పది దాకా. నూట ఇరవై గడ్డలు వచ్చే తొట్టిలో డెబ్బై కూడా సరిగా కట్టడం లేదు. కట్టినవి కూడా నడుమ గుల్లగా ఉంటున్నాయి. ఏప్రిల్ నెలాఖరున నీలకంఠం ఆడవాళ్ళను పిలిచి ఉన్న మాట చెప్పాడు. ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ ఈ ఐసు కంపెనీని లీజుకు అడుగుతోంది. సొంతానికి ట్యాంకరు నీళ్ళూ, డీజిలు జనరేటరూ తెచ్చుకుంటారు. ఐసంతా వాళ్ళ రొయ్యలకే.

"మే నెలాఖరు దాకా చూస్తాను. ఆఖరి మూడు రోజులూ నిండుగా నూట ఇరవై గడ్డలు వస్తే నేనే నడుపుతాను. లేకపోతే నన్ను తిట్టుకోకండి" అన్నాడు.

"తిట్టుకోం బాబూ, ఎదురుగానే తిడతాం" అంది కాసులమ్మ.

కానీ ఆమె అనుమానం నీలకంఠం మీద లేదు. మర్నాడు పొద్దున్నే తవిటయ్య ముందు గంప దించి నడుం మీద చేతులు వేసుకుంది.

"ఏటి బావా, మా ఐసు ఏ రొయ్యకి పెడతన్నావ్?"

"రొయ్యకేటి అప్పా, తొట్టే కట్టట్లేదు."

"పదేళ్ళు కట్టిన తొట్టికి ఇప్పుడేటి రోగం? నీ జిమ్మడ, దొడ్డిదారిన లారీ ఎక్కిత్తన్నావని రేవంతా సెప్పుకుంతన్నారు."

తవిటయ్య కోప్పడలేదు. ఒక స్టూలు తెచ్చి తొట్టి పక్కన వేశాడు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇక్కడే కూకో. నా దొంగతనం నీ కళ్ళతోటే సూడు" అన్నాడు. తొట్టిలోకి దించిన థర్మామీటరుకు ఎర్ర దారం చుట్టి, "పాదరసం ఈ దారం దాటితే ఐసు కట్టదు. ఇంకేటీ తెలియక్కర్లేదు" అని చెప్పాడు.

కాసులమ్మ ఆ రోజు బేరం మానుకొని కూర్చుంది. దొడ్డిదారిన పోయే ప్రతి గడ్డనూ లెక్కపెట్టాలని కొంగులో చింతపిక్కలు తెచ్చుకుంది. కరెంటు పోయింది. యంత్రం ఆగింది. పాదరసం దారానికి కిందే బుద్ధిగా కూర్చుంది. ఇంతలో ఒకామె వచ్చి మూతెత్తి, డబ్బా చూసుకొని, చల్లగాలికి "హబ్బ" అనుకొని వెళ్ళింది. కాసులమ్మ ఊసుపోక ఒక పిక్క వేసింది. వెంటనే ఇంకొకామె. ఆ తరువాత ముగ్గురు కలిసి వచ్చి, మూత తీసి పక్కన పెట్టి, ఎవరి కోడలి సంగతో మాట్లాడుకుంటూ పది నిమిషాలు నిలబడ్డారు. కాసులమ్మ ఎందుకో థర్మామీటరు వంక చూసింది. పాదరసం దారాన్ని ముట్టుకుంది.

సాయంత్రానికి పిక్కలు రెండు వందల పదకొండు. లారీ ఒక్కటీ రాలేదు.

పిక్కలు కొంగులో మూటకట్టి, గొంతు తగ్గించి అడిగింది. "బావా, నిన్న నాను మూత ఎన్నిసార్లు ఎత్తుంటాను?"

"పద్నాలుగు."

"అంత కచ్చితంగా ఎలా సెప్పేత్తన్నావ్?"

"మూతెత్తినప్పుడల్లా నన్నో తిట్టు తిట్టి పోతావు కదా. తిట్లు లెక్కెట్టుకున్నాను."

కాసులమ్మకు నవ్వాగలేదు. స్టూలు మీదినుంచి జారి, నేల మీద కూర్చొని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తమను వేరెవరో దోచుకుంటున్నారని తిరిగిన నెల రోజులూ ఆ చల్లదనాన్ని గాలికి ఒదిలింది తామే.

సరే, తెలిసింది. మిగతావాళ్ళకు చెప్పడం తేలిక కాలేదు. జెట్టీ మీద అందరినీ కూర్చోబెట్టి పిక్కల మూట ముందు పెట్టింది. అందరికంటే ముందు లేచింది పైడితల్లే.

"బొట్టెట్టిన డబ్బా అది. సూడకపోతే ఐసెలా పుడతాదే?"

"నీ నలుగురు పిల్లల్నీ తొమ్మిది నెలలూ కడుపు మూతెత్తి సూసుకున్నావేటే? సూడకపోయినా పుట్టారు కాదేటి?"

జెట్టీ అంతా గొల్లున నవ్వింది. పైడితల్లి కూడా నవ్వును కొంగులో దాచుకుంది. అక్కడికక్కడే కట్టుబాటు చేసుకున్నారు. మూత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, అదీ తవిటయ్యే ఎత్తాలి. ఎవరైనా మాట తప్పితే తన జంట మనిషి గంప బస్టాండు దాకా మోయాలి. శిక్ష మొదట పడింది కట్టుబాటు చేసిన మనిషికే. మూడో రోజు ఏదో ఆలోచిస్తూ కాసులమ్మ చెయ్యి అలవాటుగా మూత మీదికి పోయింది. ఆ పూట తల మీద తన గంప, చంక కింద పైడితల్లి గంప. ముందు పైడితల్లి ఖాళీ చేతులు ఊపుకుంటూ, "బేగి రాయే గుంటా, బస్సెల్లిపోతాది" అని దొరసానిలా నడిచింది.

డెబ్బై గడ్డలు తొంభై ఐదయ్యాయి.

మిగతా పాతికా నీటి దగ్గర ఆగాయి. వేడి గొట్టాల మీద పారిన నీరంతా కాలవలో పడి రేవులోకి పోయేది. పదేళ్ళుగా ఆడవాళ్ళు ఆ గోరువెచ్చని నీటిలో కాళ్ళు కడుక్కుంటున్నారు. కాసులమ్మ ఒక రోజు దోసిలితో పట్టి నోట్లో పోసుకుంది.

"బావా, ఇది మంచినీరే కదేటి? పారబోత్తన్నావేం?"

"మా ఊళ్ళో అయితే పై మడి తాగిన నీరు కింద మడికి పోతాది" అన్నాడు తవిటయ్య, తనలో తాను అనుకున్నట్టు. "దీన్నీ మళ్ళీ తిప్పొచ్చు. కానీ ఏడెక్కిపోయింది అప్పా. సల్లారితేనే మళ్ళీ పనికొత్తాది."

కాసులమ్మ రేవు వైపు చూసింది. అక్కడ చిరిగిన వలలు కుప్పలుగా పడి ఉన్నాయి. బాగుచేసే వలలను నిలువునా వేలాడదీస్తే సముద్రపు గాలికి నిమిషాల్లో ఆరిపోవడం పుట్టినప్పటినుంచి చూస్తున్నదే. తడి వల పక్కన నిలబడితే ఎంత చల్లగా ఉంటుందో కూడా తెలుసు. ఆ మధ్యాహ్నమే వెదురు గడలు పాతి, పాత వలలను ఎనిమిది పొరలుగా కట్టారు. పైన చిల్లుల గొట్టం. వేడి నీరు వల కన్ను కన్నునా చుక్కలుగా విడివడి, గాలికి చల్లారి, కింద తొట్టిలో పడింది. తవిటయ్య చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ మడి దున్నుతున్నవాడిలా నవ్వాడు.

నీలకంఠం వచ్చి చూసి తెల్లబోయాడు. "నా కంపెనీకి చీర కట్టారేమిటే?"

"మీకు మీసాలున్నాయి కదా బాబూ. దానికి సీరుంటే ఏటి?"

గడ్డలు నూట ఎనిమిదికి చేరి అక్కడే నిలిచిపోయాయి. ఇక చేతిలో ఉన్న తప్పులేవీ మిగల్లేదు. మిగిలిన తప్పు తమది కాదని కాసులమ్మకు ఇప్పుడు గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పే స్థితి వచ్చింది. తప్పు ఇదీ: నీరు వచ్చేది ఆరింటికి, కరెంటు పోయేది ఆరింటికి. కుళాయి నీరు ముందు బయట ఉన్న మంచినీటి నేల తొట్టిలో పడుతుంది. అక్కడినుంచి మోటారు దానిని పై ట్యాంకుకు తోడాలి. మోటారు నడవదు కనుక నేల తొట్టి పది నిమిషాల్లో నిండి, మిగతా యాభై నిమిషాలూ నీరు పొర్లి వీధిలోకి పోతుంది. కరువు కాలంలో, గుక్కెడు నీటికి జనం కొట్టుకుంటుంటే, ప్రభుత్వమే గంటసేపు నీరిచ్చి అదే గంటలో అందుకునే చేతిని కట్టేస్తోంది.

తవిటయ్య అర్జీ రాశాడు. నలభై వేలిముద్రలు పడ్డాయి. ఒక ప్రతి నీళ్ళ ఆఫీసుకు, ఒక ప్రతి కరెంటు ఆఫీసుకు. పది రోజుల తరువాత రెండు జవాబులు వచ్చాయి. రెండింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఒకే వాక్యం: "మీ విజ్ఞప్తి ఈ కార్యాలయ పరిధిలోనిది కాదు." ఆ రెండు కార్యాలయాల మధ్య ఉన్నది ఒక్క రోడ్డు. ఆ రోడ్డు దాటే అధికారం ఎవరికీ లేదట.

అయితే ఆ రెండు ఆఫీసుల పెద్దల ఇంటి గడపలూ రోజూ దాటే మనిషి ఒకతె ఉంది. నీళ్ళ ఆఫీసు జగ్గారావు, కరెంటు ఆఫీసు గురునాథరావు, ఇద్దరిదీ ద్వారకా నగరే, ఇద్దరి ఇళ్ళకూ చేపలు కాసులమ్మవే. ఆ వారం గురునాథరావు పెరట్లో గంప దించేసరికి ఆయన భార్య కనకరత్నం బావి దగ్గరినుంచి బిందె మోసుకొస్తోంది.

"ఇదేటమ్మగారూ, మేడ మీద ట్యాంకుంది కదా?"

"ఎందుకూ? ఆ నీళ్ళాయన నీళ్ళు ఒదిలేవేళకు ఈయన కరెంటు తీసేస్తాడు. మా మోటారూ పడుకుంటుంది" అంది కనకరత్నం చిరాగ్గా. "చెప్పి చెప్పి నోరు పోయింది. పై నుంచి ఆర్డరంటారు."

రెండు వీధుల అవతల జగ్గారావు భార్య తాయారు కూడా అదే పాట, పేర్లు మాత్రం తారుమారు. కాసులమ్మ గంప సర్దుకుంటూ చాలా మెల్లగా ఒక మాట వదిలింది. "ఆదివారం పొద్దున్న పెద్ద వంజరం వత్తాది అమ్మగారూ. అయ్యగారి సేతికిత్తేనే నాకు నమ్మకం. అయ్యగార్ని ఆరు కాకుండా ఐసు కంపెనీ కాడికి పంపండి." ఇదే మాట కనకరత్నం చెవిలోనూ వేసి వచ్చింది.

మే ఇరవై నాలుగు, ఆదివారం. ఇద్దరు అధికారులూ చెరో సంచీతో ఒకేసారి వచ్చి, ఒకరినొకరు చూసి మొహమాటంగా నవ్వుకున్నారు. కాసులమ్మ రెండు వంజరాలనూ ఐసు మీద పరిచి, "ఒక్క నిమిషం నిలబడండి బాబూ, ఇక్కడే, ఈ నేల తొట్టి పక్కనే" అంది.

ఆరు కొట్టింది. కుళాయి భుస్సున పొంగింది. అదే క్షణాన యంత్రం గుక్క తిప్పుకోలేక ఆగిపోయింది. నలభై మంది ఆడవాళ్ళు నోరు మెదపకుండా నిలబడ్డారు. వాళ్ళు అంతసేపు మౌనంగా ఉండడం రేవు చరిత్రలో అదే మొదలు. నేల తొట్టి నిండింది, పొర్లింది. నీరు మెల్లగా పాకుతూ వచ్చి అధికారుల బూట్లను తడిపింది.

"మీ నీళ్ళు వృథాగా పోతున్నాయండి" అన్నాడు గురునాథరావు.

"మీ కరెంటు లేకండి" అన్నాడు జగ్గారావు.

"ఆరింటికి మీరు నీళ్ళొదులుతారని మాకు ఎవరు చెప్పారు?"

"ఆరింటికి మీరు ఆపుతారని మాకు మాత్రం ఎవరు చెప్పారు?"

"బాబూ" అంది కాసులమ్మ. "మీ ఇంటి అమ్మగారు బిందె మోత్తన్నారు. మీ ఇంటి అమ్మగారూ మోత్తన్నారు. ఇద్దరికీ నానే సేపలేత్తన్నాను. నన్నడిగితే ఎప్పుడో సెప్పేదాన్ని కదేటి?"

ఆ తరువాత జరిగిన సంప్రదింపులకు సరిగ్గా నాలుగు నిమిషాలు పట్టింది. ఆ వీధులన్నిటికీ కోత ఆరు నుంచి పదికి బదులు ఏడు నుంచి పదకొండు దాకా. కోత అంతే, నీరూ అంతే. మారింది ఒక్క గంట. అర్జీ పెట్టిన రోజునే ఇద్దరిలో ఒకరు రోడ్డు దాటి ఉంటే, ఆ నీరంతా వీధిపాలయ్యేది కాదు. తరువాత వెలువడిన ఉత్తర్వులో ఆ మార్పు "ఉభయ కార్యాలయాల పరస్పర చొరవతో" జరిగినట్టు రాశారు. నలభై వేలిముద్రల ప్రస్తావన లేదు. ఉండవలసింది.

మంగళవారం నుంచి కొత్త వేళలు. మొదటి రోజు నూట పదిహేడు. మర్నాడు నూట పందొమ్మిది. ఇరవై తొమ్మిదిన నూట ఇరవై, ముప్ఫైన నూట ఇరవై.

ముప్ఫై ఒకటి పొద్దున్నే రేవు సగం ఐసు కంపెనీలోనే ఉంది. తవిటయ్య డబ్బా పైకి లాగడం, నీటిలో ముంచడం, వంచడం. గడ్డ జర్రున జారి నేల మీద పడగానే అందరూ కలిసి అంకె అరవడం. నీలకంఠం గోడకు ఆనుకొని నిలబడ్డాడు. వందకు వచ్చేసరికి ఆయన పెదవులు కూడా కదిలాయి. నూట పద్దెనిమిదో గడ్డ మొండికేసి డబ్బా వదలలేదు. పైడితల్లి దాన్ని అరిచేత్తో రెండు చరిచి, "దిగవే దొంగముండా, కడుపులోనే కూకుంటావేటి?" అనేసరికి దిగింది. నూట పందొమ్మిది. నూట ఇరవై. తవిటయ్య దాన్ని ఎత్తి వెలుతురుకు పెట్టాడు. గుల్ల లేదు, నీరు లేదు, ఆ చివరినుంచి ఈ చివరి దాకా గడ్డే.

నీలకంఠం గొంతు సవరించుకున్నాడు. "రొయ్యల వాళ్ళకు కబురు పంపుతాను. కంపెనీ లీజుకు లేదని."

అరుపులకు రేవు మీది కాకులన్నీ లేచాయి. ఎవరో చిదిపిన ఐసు పిడికెడు తీసి కాసులమ్మ వీపులో వేశారు. ఎవరో కాదు, పైడితల్లే. కాసులమ్మ కేక పెట్టి, దొరికినంత ఐసు దోసిట పట్టుకొని వెంటపడింది. అడ్డొచ్చిన తవిటయ్య బట్టతల మీద సగం పడింది, నీలకంఠం జేబులో సగం. ఆ మండే ఎండలో నలభై మంది ఆడవాళ్ళు చిన్నపిల్లల్లా ఐసు విసురుకుంటూ, జారి పడుతూ, లేస్తూ, తిట్టుకుంటూ నవ్వారు.

"సాలు సాలు, సేపలకి ఉంచండే" అని చివరికి అరిచింది కాసులమ్మే. జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా గంప ముందు కూర్చొని, ఐసు పరిచి, కవళ్ళను వరసగా సర్దడం మొదలుపెట్టింది.